రెడ్ సిగ్నల్ దగ్గర కుడి మలుపు: వెనుక నుంచి హారన్ కొట్టేవారితో ఎలా వేగాలి?

ఫ్రిస్కో నివాసి
అమెరికాలో చాలా చోట్ల రెడ్ ఉన్నా పూర్తిగా ఆగి, దారి ఖాళీగా ఉంటే కుడికి తిరగవచ్చు. కానీ టెక్సాస్‌లో మా ఇంటి దగ్గరి కూడలిలో, పాఠశాల వైపు తిరిగే చోట, రెడ్ ఉండగా తిరగరాదన్న బోర్డు స్పష్టంగా కనబడుతూనే ఉంది. అయినా నేను అక్కడ ఆగిన ప్రతిసారీ వెనుకవారు హారన్ మోగిస్తారు. నిన్న ఒకాయన పక్క లేన్‌లోకి వచ్చి, నా ముందు నుంచే కుడికి తిరిగి వెళ్లిపోయారు. నేను అడగదలచినవి రెండు. బోర్డు లేని చోట కూడా, ఎడమ నుంచి వచ్చే వాహనాలు సరిగా కనబడనప్పుడు గ్రీన్ వచ్చేవరకు ఆగితే తప్పా? ఇటువంటివారు ఎప్పుడైనా వెనుక నుంచి గుద్దితే ఇన్సూరెన్స్ వారికి చూపడానికి వెనుక కెమెరా పనికివస్తుందా?

ఎడిసన్ అక్క
తప్పు కాదు తమ్ముడూ. పూర్తిగా ఆగిన తరువాత తిరగవచ్చని చట్టం అనుమతిస్తుందే తప్ప, తిరిగి తీరాలని ఎక్కడా ఆదేశించదు. అయితే నా బాధ దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. బోర్డు లేదు, ఎడమ నుంచి ఒక్క కారూ రావడం లేదు, నడిచేవారూ లేరు. అయినా ముందున్న మనిషి ఫోన్‌లో తలదూర్చి కూర్చుంటే, వెనుక మేము పదిమందిమి పిల్లలను దింపే వేళ దాటిపోతుందేమోనని కళ్లప్పగించి చూడవలసి వస్తుంది. అటువంటప్పుడు ఒక్కసారి, మెల్లగా, హారన్ కొట్టడంలో నాకు దోషమేమీ కనిపించదు.

బెల్‌వ్యూ రావు
ఇంకొక సంగతి కూడా చాలామందికి తెలియదు. కుడి వైపు ఎర్ర బాణం వెలుగుతున్నా సరే, పూర్తిగా ఆగి, దారి ఖాళీగా ఉంటే తిరగవచ్చు. దీనిని తెలుసుకోకుండా బాణం చూసి బిగుసుకుపోయేవారి వల్లనే మా ఆఫీసు దారిలో సగం రద్దీ ఏర్పడుతోంది.

శాన్ హోజే శర్మ
రావుగారూ, దయచేసి ఇటువంటి ప్రమాదకరమైన సలహాలు ఇవ్వకండి. ఎర్ర బాణం ఉన్నప్పుడు తిరగడం నిషిద్ధం. కాలిఫోర్నియా వాహన చట్టం 21453వ సెక్షన్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. మీ మాట నమ్మి ఎవరైనా పోలీసు కంటబడితే ఆ జరిమానా మీరు కడతారా?

బెల్‌వ్యూ రావు
నేను కాలిఫోర్నియా గురించి మాట్లాడానా? నా పేరులోనే ఊరు ఉంది కదా! మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఆగిన తరువాత ఎర్ర బాణం మీద కుడికి తిరగడం చట్టబద్ధమే. అంతే కాదు, వన్ వే రోడ్డులోకైతే రెడ్ మీద ఎడమకు కూడా తిరగవచ్చు. అమెరికా అంతా తమ వీధిలాగే ఉంటుందని అనుకునేవారితో వాదించడం కష్టం.

శాన్ హోజే శర్మ
ఊరు ప్రస్తావించకుండా "తిరగవచ్చు" అని రాస్తే చదివేవారు ఏమనుకోవాలి? ప్రశ్న అడిగినవారు టెక్సాస్‌లో ఉన్నారు. వారికి మీ రాష్ట్రపు నియమం దేనికి?

ఎడిసన్ అక్క
వారికి మీ సెక్షన్ నంబరు మాత్రం దేనికి, శర్మగారూ?

షికాగో మాస్టారు
ఈ ప్రాంతంలో చాలా ఏళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నవాడిగా చెబుతున్నాను, మీరందరూ మూలాన్ని వదిలేశారు. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత, కూడళ్లలో నిలిచిపోయిన కార్లు వృథా చేసే పెట్రోలును ఆదా చేయాలన్న ఉద్దేశంతో 1975లో ఫెడరల్ ఇంధన చట్టం ఈ వెసులుబాటు వైపు రాష్ట్రాలను నెట్టింది. చివరికి మసాచుసెట్స్ కూడా 1980 జనవరి 1న దారికి వచ్చింది. అంటే ఇది పెట్రోలు కోసం పుట్టిన నియమమే తప్ప భద్రత కోసం పుట్టినది కాదు. చక్రాలు పూర్తిగా నిలవాలి, అదీ స్టాప్ లైన్‌కు ముందే నిలవాలి. మెల్లగా దొర్లుతూ తిరిగితే ఆగినట్టేనని భావించేవారి ఇళ్లకు మా ఇల్లినాయ్‌లో సిగ్నల్ దగ్గరి కెమెరా పట్టిన 100 డాలర్ల జరిమానా టికెట్ చక్కగా చేరుతుంది. నా విద్యార్థులలో ఎవరికీ ఇంతవరకు అది రాలేదని గర్వంగా చెప్పుకోగలను.

ఫ్రిస్కో నివాసి
మాస్టారూ, మా టెక్సాస్‌లో ఆ కెమెరాలను 2019లోనే నిషేధించారు. నేను అడిగింది కారులో పెట్టుకునే కెమెరా గురించి.

క్వీన్స్ నివాసిని
న్యూయార్క్ నగరంలో నియమం తలకిందులుగా ఉంటుందని బయటి నుంచి వచ్చేవారు దయచేసి గుర్తుంచుకోండి. అనుమతిస్తూ బోర్డు ఉంటేనే రెడ్ మీద తిరగవచ్చు, లేకపోతే తిరగరాదు. వారాంతంలో నది అవతలి నుంచి కూరగాయల కోసం వచ్చే మనవారే మా వీధిలో వెనుక నుంచి ఎక్కువగా హారన్ కొడతారు.

ఎడిసన్ అక్క
నది అవతలి వారంటే న్యూజెర్సీలోని మేమేనా? మన దుకాణాలతో నిండిన మా ఓక్ ట్రీ రోడ్డులో దొరకని ఏ కూరగాయ కోసం మీ దగ్గరకు రావాలమ్మా?

నడిచే తాతయ్య
నేను కారు నడపను. విజయవాడ నుంచి మా అబ్బాయి దగ్గరకు వచ్చి, మనవరాలిని స్ట్రోలర్‌లో పార్కుకు తీసుకువెళుతుంటాను. ఇంతమంది రాశారు గాని, కుడికి తిరిగే డ్రైవరు ఎటు చూస్తాడో ఎవరూ రాయలేదు. ఎడమ నుంచి కారు వస్తుందేమోనని అతని మెడ అటే తిరిగి ఉంటుంది. కుడి పక్కన కాలిబాట దిగుతున్న మేము అతనికి కనబడము. క్రాస్‌వాక్ మీద తెల్ల మనిషి బొమ్మ వెలిగి, నడవమని మాకు చెబుతున్నప్పుడే, సందు దొరికిందని అతను ముందుకు దూకుతాడు. పైగా చాలామంది కారు ముక్కును గీత దాటించి, క్రాస్‌వాక్‌కు అడ్డంగా నిలిపి, ఎడమకు తొంగి చూస్తారు. అప్పుడు స్ట్రోలర్‌తో కారు వెనుక నుంచి వెళ్లాలా, ముందు నుంచి వెళ్లాలా? డ్రైవరు కళ్లు నా కళ్లతో కలిసిన తరువాతే నేను రోడ్డు మీద అడుగు పెడతాను.

షికాగో మాస్టారు
తాతయ్యగారు చెప్పినది నిజమే. అందుకే ఎడమ, ముందు, కుడి, మళ్లీ ఎడమ చూడాలని నేను మొదటి పాఠంలోనే చెబుతాను.

కూకట్‌పల్లి కుర్రాడు
మీ బాధలు చదువుతుంటే నవ్వు వస్తోందండీ. ఇక్కడ మాకు ఎడమ వైపు ఫ్రీ లెఫ్ట్ ఉంటుంది గాని, నేరుగా వెళ్లవలసినవారు దాన్ని కూడా నింపి నిలబడతారు. 2022 అక్టోబరులో ఆపరేషన్ రోప్ పేరుతో ట్రాఫిక్ పోలీసులు ఫ్రీ లెఫ్ట్ అడ్డగిస్తే 1,000 రూపాయలు, స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు జరిమానా అన్నారు. కానిస్టేబుల్ కనబడుతున్నంతసేపు గీత కూడా కనబడుతుంది. ఆయన టీ తాగడానికి వెళ్లగానే రెండూ మాయమవుతాయి.

బెల్‌వ్యూ రావు
అక్కడ ఎర్ర బాణం ఉంటుందా?

శాన్ హోజే శర్మ
మళ్లీ బాణమేనా! ఈ చర్చలో మీకు మరొక విషయమే కనిపించదా? తాతయ్యగారు రాసినది చదివిన తరువాతనైనా, అనుమానం ఉన్న చోట ఆగడమే మేలని ఒప్పుకోవచ్చు కదా.

బెల్‌వ్యూ రావు
ఆగవద్దని నేను ఎప్పుడన్నాను? "పూర్తిగా ఆగి" అని మొదటి వాక్యాలలోనే రాశాను. మీరు చదవకుండానే సెక్షన్లు విసిరారు.

ఫ్రిస్కో నివాసి
పెద్దలందరికీ నమస్కారం. నా రెండవ ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం ఇవ్వలేదు.

క్వీన్స్ నివాసిని
పనికివస్తుందండీ. వెనుక అద్దం లోపలి వైపు, వైపర్ తుడిచే మేరలో అమర్చండి. లేకపోతే వానలో నంబర్ ప్లేటు కనబడదు.

శాన్ హోజే శర్మ
ముందు అద్దానికి కూడా పెడితే, దానిని ఏ మూల పెట్టాలో మా రాష్ట్రంలో అంగుళాలతో సహా నియమం ఉంది.

ఎడిసన్ అక్క
తమ్ముడు టెక్సాస్‌లో ఉన్నాడని ఇందాక మీరే అన్నారు.