పెళ్లి ప్రోగ్రాములకి సొంతంగా పెడల్ బోర్డు కట్టుకోవాలి, హమ్ (స్పీకర్లో గుయ్‌మనే రొద) కూడా పోవాలి. సలహా చెప్పండి

కాకినాడ_లీడ్:

అందరికీ నమస్కారం. సంగీత్‌లకీ, కాలేజీ ఫంక్షన్లకీ ఒక ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయిస్తాను. ఆదివారం మా చర్చిలో కూడా వాయిస్తాను. గిటార్ సౌండ్ మార్చే పెడళ్లు నా దగ్గరున్నవి ఇవి: బాస్ కంపెనీ టీయూ-3 ట్యూనర్, డన్‌లప్ క్రై బేబీ వా (పాదంతో ఊపేది), ఐబనీజ్ టీఎస్9 ఓవర్‌డ్రైవ్, బాస్ డీఎస్-1 డిస్టార్షన్, సీహెచ్-1 కోరస్, డీడీ-8 డిలే, ఆర్‌వీ-6 రివర్బ్. అన్నీ బ్యాగులో వేసుకెళ్లి స్టేజీ మీద నేలమీదే పరుస్తాను. డాన్స్ ప్రోగ్రాం అయిపోయి మేము ఎక్కేలోపు మాకిచ్చేది పది నిమిషాలే. ఏ వైరు ఎక్కడిదో వెతుక్కోవడానికే అది సరిపోతోంది. టెన్షన్‌లో మొదటి పాట వాయించినట్టే ఉండదు.

ఇంకో సమస్య సౌండ్‌ది. ఏడు కొసలున్న వైరుతో అన్నిటికీ ఒకే అడాప్టరు ఇచ్చాను. డిలే, రివర్బ్ తగిలిస్తే సన్నగా కీమని కూత వస్తుంది, డీఎస్-1 నొక్కితే అది ఇంకా పెద్దదవుతుంది. స్టేజీ మీద ఆంప్ ఉండదు, డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపోయేలా మార్చే పెట్టె) మీదుగా నేరుగా మిక్సర్‌కే వెళ్తాను.

పెడళ్లన్నీ బిగించుకునే బోర్డు రెడీమేడ్‌ది కొనాలా, కార్పెంటర్ చేత చేయించుకోవచ్చా? పవర్ సంగతేంటి? ఒకేసారి ఎక్కువ ఖర్చు పెట్టలేను, ముందు దేనికి పెట్టాలో చెప్పండి.

వరంగల్_బేస్:

తమ్ముడూ, నేనైతే అవన్నీ అమ్మేసి మంచి మల్టీ ఎఫెక్ట్స్ ఒకటి తీసుకుంటా. ఒక అడాప్టరు, రెండు వైర్లు, పని అయిపోయినట్టే. పాటకో ప్యాచ్, అంటే టోన్ సెట్టింగు, సేవ్ చేసి పెట్టుకోవచ్చు. ఆర్కెస్ట్రాలో ఇరవై పాటలకి ఇరవై రకాల టోన్లు కావాలి కదా.

రాజమండ్రి_రిపేర్‌షాపు:

పగలు ఆంప్లిఫైయర్లు, కీబోర్డులు రిపేరు చేస్తాను, సీజన్‌లో రాత్రిళ్లు గిటార్ వాయిస్తాను. మన వైపు చాలామంది గిటారిస్టుల బోర్డులు నా బల్ల మీదికి వస్తుంటాయి, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

వరంగల్ సోదరుడు చెప్పింది తీసిపారేసేది కాదు. కానీ నీ దగ్గర ఇప్పటికే ఉన్నవి మంచి పెడళ్లు, వాటి మీద చెయ్యి తిరిగి ఉంటుంది. పాట మధ్యలో డిలే కాస్త తగ్గించాలంటే వంగి ఒక నాబ్ తిప్పితే చాలు. వాటిని అమ్మొద్దు.

ఉన్న డబ్బు ముందు పవర్‌కి పెట్టు. తర్వాత ప్యాచ్ కేబుళ్లకి, అంటే పెడల్‌కీ పెడల్‌కీ మధ్య పొట్టి వైర్లకి. బోర్డుకి చివర.

ఆ కూత ఎందుకొస్తుందంటే, డిలే, రివర్బ్, ట్యూనర్ లోపల డిజిటల్ చిప్పులు ఉంటాయి. వాటి క్లాక్ రొద పవర్ వైరులోకి, గ్రౌండులోకి ఎక్కుతుంది. నీ అడాప్టరు వైరు అన్ని పెడళ్లనీ ఒకే గ్రౌండు మీద కట్టేసింది కాబట్టి ఆ రొద టీఎస్9, డీఎస్-1 దాకా పోతుంది. సన్నటి రొదనైనా పెద్దది చేసి వినిపించడమే డిస్టార్షన్ పని, అందుకే అది నొక్కగానే కూత పెరుగుతోంది. పైగా ఒక్కో పెడల్‌కీ గ్రౌండు రెండు దారుల్లో అందుతోంది: పవర్ వైరు నుంచి ఒకటి, ప్యాచ్ కేబుల్ షీల్డు నుంచి ఒకటి. గ్రౌండ్ లూప్ అనేది దీన్నే, హమ్‌కి అదొక కారణం.

నా మాట నమ్మే ముందు ఇంట్లోనే పరీక్ష చెయ్యి. డిలేని ఆ వైరు నుంచి తీసేసి విడిగా ఒక 9 వోల్టుల అడాప్టరు ఇవ్వు. తర్వాత రివర్బ్‌కీ అలాగే. కూత పోతే దొంగ దొరికినట్టే.

దీనికి మందు ఐసొలేటెడ్ పవర్ సప్లై, అంటే ఒక్కో అవుట్‌పుట్ గ్రౌండు విడివిడిగా ఉండేది. పేరులో పవర్ సప్లై అని ఉన్నవన్నీ ఐసొలేటెడ్ కావు. పెట్టె మీద ఎనిమిది సాకెట్లు కనిపిస్తాయి, విప్పి చూస్తే అన్నీ ఒకే తీగకి కలిపి ఉంటాయి. షాపులోనే మల్టీమీటర్ పెట్టు: పవర్ ఇవ్వకుండా, ఒక అవుట్‌పుట్ గ్రౌండుకీ పక్క అవుట్‌పుట్ గ్రౌండుకీ మధ్య బీప్ వస్తే అది ఐసొలేటెడ్ కాదు. షాపువాళ్లు కొలవనివ్వకపోతే అక్కడ కొనకు.

ఎన్ని అవుట్‌పుట్లు కావాలో చెప్తాను. డీడీ-8 దాదాపు 65 మిల్లీ ఆంపియర్లు, ఆర్‌వీ-6 దాదాపు 95 తాగుతాయి, ఆ రెండిటికీ చెరొకటి. ట్యూనర్‌కి ఒకటి, కోరస్‌కి ఒకటి. టీఎస్9, డీఎస్-1, వా మూడూ కలిపినా కరెంటు చాలా తక్కువ, మూడిటికీ ఒకే అవుట్‌పుట్ నుంచి చీల్చి ఇవ్వొచ్చు. మొత్తం ఐదు. రేపు కొనబోయే దాని కోసం ఇంకొకటి ఉంటే మంచిది. కొన్ని పెద్ద డిజిటల్ పెడళ్లు ఒక్కొక్కటే 300 దాకా అడుగుతాయి, కాబట్టి ఒక్క అవుట్‌పుట్ అయినా అంత ఇచ్చేది చూసుకో.

ఒక హెచ్చరిక. సీసీ కెమెరాల అడాప్టర్లు 12 వోల్టులు, పిన్ను మధ్యలో పాజిటివ్. మన పెడళ్లకి 9 వోల్టులు, మధ్యలో నెగెటివ్. పిన్ను మాత్రం చక్కగా దూరుతుంది. ఇలా తగిలించి కాలిపోయిన పెడళ్లు నా దగ్గరకి ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి. స్టేజీ మీద ఎవరో తెచ్చిచ్చిన అడాప్టరు తగిలించకు.

ఇక బోర్డు. కార్పెంటర్ చేత చేయించుకో, నిక్షేపంగా ఉంటుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకో. నువ్వు సముద్రం పక్కనే ఉన్నావు కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడుగు. కొలతలు పుస్తకంలో వెతక్కు. పెడళ్లన్నీ పాత దినపత్రిక మీద పరిచి, ప్యాచ్ కేబుళ్లు గుచ్చి, షూ వేసుకుని తొక్కి చూసి, అప్పుడు పెన్సిల్‌తో గీత గియ్యి. బాస్ పెడల్ వెడల్పు 73 మిల్లీమీటర్లు, పొడవు 129. పక్క పెడల్‌కి అంగుళంపావు జాగా వదలాలి, లేకపోతే జాక్‌లు గుద్దుకుంటాయి. నీ పెడళ్లకి 22 అంగుళాలు బై 14 అంగుళాలు సరిపోతుంది, ఒక పెడల్ పట్టేంత ఖాళీ కూడా మిగులుతుంది. ముందు అంచు అంగుళంన్నర ఎత్తు, వెనక అంచు మూడున్నర. పవర్ సప్లై ఆ వెనక ఎత్తు కింద, స్క్రూలతో.

ఏది ఎక్కడ అంటావా? వా కుడి చివర, నిలువుగా. మిగతా వాటిలో పాట మధ్యలో నొక్కేవి ముందు వరస: టీఎస్9, డీఎస్-1, డిలే. ఒకసారి ఆన్ చేసి వదిలేసేవి వెనక: ట్యూనర్, కోరస్, రివర్బ్. సిగ్నల్ మాత్రం ట్యూనర్, వా, టీఎస్9, డీఎస్-1, కోరస్, డిలే, రివర్బ్ అనే వరసలోనే పోవాలి. పెడళ్లు అదే వరసలో కూర్చోనక్కర్లేదు, కేబుల్ బోర్డు కింద నుంచి తిరిగి వస్తుంది. ట్యూనర్ మొదట్లో ఉంటే దాని బఫర్ (సిగ్నల్‌కి బలమిచ్చే సర్క్యూట్) వల్ల పొడుగు కేబుళ్లలో పోయే ట్రెబుల్ నిలబడుతుంది, అది నొక్కితే సౌండ్ మ్యూట్ కూడా అవుతుంది. ఎప్పుడైనా పాతకాలం రకం ఫజ్ (ఒక రకం డిస్టార్షన్ పెడల్) కొంటే దాన్ని మాత్రం ట్యూనర్ కంటే ముందు పెట్టు. దానికి బఫర్ పడదు.

ప్రతి పెడల్ వెనకా ఒక 35 మిల్లీమీటర్ల రంధ్రం వేయించు, జాక్ మొత్తం దూరేలా. అంచులకి రబ్బరు గ్రొమెట్లు. కింద ఆడియో వైర్లు ఒక పక్క నుంచి, పవర్ వైర్లు ఇంకో పక్క నుంచి. రెండూ దాటుకోవాల్సిన చోట అడ్డంగా దాటించు, పక్కపక్కన సాగనివ్వకు. 230 వోల్టుల వైరు అసలు ఆడియో దరిదాపులకి రాకూడదు.

ఇప్పుడు నీ పది నిమిషాల సంగతి. బోర్డుకి కుడిపక్క ఒక చిన్న అల్యూమినియం పట్టీ బిగించి దానికి గిటార్ జాక్, ఎడమపక్క పట్టీకి అవుట్‌పుట్ జాక్, వెనక పవర్ సాకెట్ పెట్టించు. స్టేజీ ఎక్కాక నువ్వు తగిలించేవి మూడే. పెడళ్ల జాక్‌లని ఎవరూ లాగరు, అరగవు. ఆ పవర్ సాకెట్ పని మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వు.

ప్యాచ్ కేబుళ్లు సొంతంగా సోల్డర్ చేసుకుంటే సరిగ్గా కావాల్సినంత పొడవు వస్తుంది. బల్లపరుపు జాక్‌లు, సన్నటి షీల్డు కేబుల్, 25 వాట్ల ఐరన్ చాలు. ఒక్కటి గమనించు: కొన్ని గిటార్ కేబుళ్లలో షీల్డు కింద, లోపలి తీగ మీద ఇన్సులేషన్ చుట్టూ, ఇంకో నల్లటి పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది మామూలు ప్లాస్టిక్ కాదు, కరెంటు పారుతుంది. దాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి గీకెయ్యాలి. అది టిప్పుకి (జాక్ కొనకి) తగిలితే సౌండ్ పల్చబడుతుంది, లేదా ఉన్నట్టుండి పోతుంది, కళ్లతో చూస్తే కేబుల్ బాగానే ఉంటుంది. సోల్డర్ అయ్యాక మీటరు పెట్టి టిప్పు నుంచి టిప్పుకి బీప్ రావాలి, టిప్పు నుంచి స్లీవ్‌కి (జాక్ ఒంటి లోహానికి) రాకూడదు. బీప్ వింటూ కేబుల్‌ని అటూ ఇటూ వంచి చూడు. రెండు కొసలకీ ఒకే నంబరు అంటించి పైన హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడుగు.

సౌండ్_ఆపరేటర్_గుంటూరు:

పైన అన్న చెప్పింది మొత్తం కరెక్ట్. మిక్సర్ దగ్గర కూర్చునేవాడిగా రెండు మాటలు కలుపుతాను.

హమ్ రాగానే కొందరు ప్లగ్గుకి ఎర్త్ పిన్ను పీకేస్తారు, లేదా టేప్ చుట్టేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పందిట్లో జనరేటర్ కరెంటు, కింద తడి నేల, చేతిలో లోహపు తీగలు, ఎదురుగా మైకు. ప్రాణం మీదికి వస్తుంది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అని స్విచ్ ఉంటుంది, అది నొక్కండి. మీ బోర్డుకీ నా మిక్సర్‌కీ మధ్య లూప్ తెగుతుంది, ఎర్త్ మాత్రం అలాగే ఉంటుంది. వీలైతే మీ బోర్డుకి కూడా సౌండ్ వాళ్ల లైను నుంచే కరెంటు తీసుకోండి, సీరియల్ లైట్ల లైను నుంచి వద్దు.

రెండోది, ఆంప్ లేకుండా డీఎస్-1 నేరుగా మిక్సర్‌లోకి వస్తే కందిరీగల గుంపులా ఉంటుంది. గిటార్ స్పీకరు 5 కిలోహెర్ట్జ్ పైన సౌండ్‌ని బాగా తగ్గిస్తుంది, మా పెద్ద స్పీకర్లు అంతా వినిపిస్తాయి. బోర్డు మీద మిగిలే ఆ ఖాళీ జాగాలో క్యాబినెట్ సిమ్యులేటర్ పెడల్ (గిటార్ స్పీకరు సౌండ్‌ని అనుకరించేది) ఒకటి, రివర్బ్ తర్వాత, చిట్టచివర పెట్టుకోండి. పాటంతా వెనక డ్రమ్స్ ప్యాడ్, రెండు కీబోర్డులు ఉన్నా మీ లీడ్ విడిగా వినపడుతుంది.

కాకినాడ_లీడ్:

రాజమండ్రి అన్నయ్యా, గుంటూరు అన్నయ్యా, చాలా థాంక్స్. ఇందాకే పరీక్ష చేశాను. డిలేకి వేరే అడాప్టరు ఇస్తే కూత సగం తగ్గింది, రివర్బ్‌కి కూడా ఇస్తే మొత్తం పోయింది! ముందు పవర్ సప్లైయే కొంటాను, క్యాబ్ పెడల్ తర్వాత. ఒక్క సందేహం. పెడళ్లు బోర్డుకి దేనితో అంటించాలి? మా ఫ్రెండ్ వెల్క్రో వేశాడు, మే నెలలో కారు డిక్కీలో పెడితే జిగురు కరిగి పెడల్ చేతికి ఊడొచ్చింది.

రాజమండ్రి_రిపేర్‌షాపు:

మన ఎండలకి అది మామూలే. పైగా బాస్ పెడల్ అడుగున రబ్బరు షీటు ఉంటుంది, జిగురు దాన్ని సరిగ్గా పట్టుకోదు.

సైకిల్ రిపేరు షాపుకి వెళ్లి పాత చైను ఒక మూర అడుగు, ఊరికే ఇచ్చేస్తారు. పిన్నులు కొట్టించి లింకులు విడగొట్టించు. ఒక్కో లింకు పట్టీకి రెండు కొసల్లోనూ రంధ్రాలుంటాయి. కిరసనాయిలులో నానబెట్టి గ్రీజు పూర్తిగా కడిగేసి ఆరబెట్టు. పెడల్ అడుగు మూతకి మూలల్లో స్క్రూలున్నాయి కదా, ఎదురెదురు మూలల్లో రెండు విప్పి, లింకు ఒక రంధ్రంలోంచి అదే స్క్రూ మళ్లీ బిగించు. లింకు రెండో కొస పెడల్ పక్కకి పొడుచుకొస్తుంది. ఆ రంధ్రంలోంచి చెక్కలోకి చిన్న స్క్రూ. అయిపోయింది. పెడల్ తల్లకిందులు చేసినా కదలదు, తియ్యాలంటే రెండు స్క్రూలు విప్పితే వస్తుంది, దాని ఒంటి మీద ఒక్క గీత పడదు. స్క్రూ తల రంధ్రం కంటే చిన్నదైతే కింద ఒక వాషర్ వెయ్యి. మూత స్క్రూ పొట్టిగా ఉండి మరలు సరిగ్గా పట్టకపోతే అదే సైజులో కాస్త పొడుగుది తీసుకో, కానీ మరీ పొడుగైతే పెడల్ లోపలి సర్క్యూట్ బోర్డుకి తగులుతుంది, చూసుకో.

వాకి మాత్రం నాలుగు మూలలా బిగించు, దాన్ని బరువంతా వేసి తొక్కుతావు.

కేబుల్ టైలు ఇప్పుడే బిగించకు. మొదటి మూడు నాలుగు ప్రోగ్రాములూ వైర్లని వెల్క్రో పట్టీలతో వదులుగా కట్టి వాయించు. డిలే, డీఎస్-1 జాగాలు మార్చుకోవాలనిపిస్తుంది, కోరస్ ముందుకి రావాలనిపిస్తుంది. అన్నీ కుదిరాయనుకున్నాక టైలు వెయ్యి, ప్రతి జాక్ దగ్గరా రెండు వేళ్లు పట్టేంత వదులు ఉంచి. బోర్డు బ్యాగులో రెండు ప్యాచ్ కేబుళ్లు, ఒక 9 వోల్టుల అడాప్టరు, ఒక స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉండాలి.

రాజమండ్రి వైపు ప్రోగ్రాం పడితే బోర్డు పట్టుకుని షాపుకి రా, అవుట్‌పుట్లన్నీ ఒకసారి మీటరు పెట్టి చూసేద్దాం.