అప్‌డేట్: బీరువాలోని పాత పుట్టగొడుగుల నమూనాలు

మా కళాశాల బీరువాలో పురుగు పట్టిన ఎండు పుట్టగొడుగుల పొట్లాలు ఇంకా పనికివస్తాయా అని గతంలో అడిగాను. సలహా ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పొట్లాలను పాలిథీన్ సంచుల్లో గట్టిగా మూసి, పురుగులు చావడానికి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచాను. చల్లటి నమూనాపై తేమ చేరితే బూజు పడుతుంది కనుక, అవి గది ఉష్ణోగ్రతకు వచ్చేవరకు సంచులు విప్పలేదు. తరువాత ఒక చిన్న ముక్కను పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టగా, ముడుచుకుపోయిన కణాలు మళ్ళీ ఉబ్బి, సూక్ష్మదర్శినిలో సిద్ధబీజాలు (పుట్టగొడుగులకు విత్తనాల వంటి కణాలు) స్పష్టంగా కనిపించాయి. ఆ క్షణం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

డీఎన్‌ఏ పరీక్ష ఇంకా చేయించలేదు. అయితే లండన్‌లోని క్యూ వృక్షోద్యానం వంటి సంస్థల్లో దాచిన 19వ శతాబ్దపు ఎండు బంగాళాదుంప ఆకుల నుండి, 1845లో ఐర్లండులో మొదలైన కరవుకు కారణమైన తెగులును కలిగించే సూక్ష్మజీవి జన్యుక్రమాన్ని 2013లో చదవగలిగారు (ఆ జీవి పుట్టగొడుగుల్లా నిజమైన శిలీంధ్రం కాదు, కానీ ఇలాంటి సేకరణల్లోనే భద్రపరుస్తారు). అందుకే ఆశ వదులుకోలేదు.

నన్ను బాధిస్తున్నది పురుగు కాదు, చీటీలు లేకపోవడం. ఎక్కడ, ఎప్పుడు, ఏ చెట్టుపై సేకరించారో తెలియని పొట్లాలను పారేయకుండా విడిగా ఉంచాను; పాత చీటీలున్న చోట వాటిని తీయకుండా, పక్కనే కొత్తవి చేర్చాను.