గింజమచ్చ ఉన్న వడ్లు విత్తనానికి పనికొస్తాయా? ఏ ల్యాబ్‌కి ఏం పంపాలి?

ప్రశ్న (అమలాపురం వైపు నుంచి)
దాళ్వాలో (రబీలో) పండిన ఎం.టి.యు. 1121 వడ్లు 12 బస్తాలు సార్వా (ఖరీఫ్) విత్తనానికి తీసిపెట్టామండి. గింజమచ్చ, తాలు బాగా కనిపించాయి. పిలక దశలో అక్కడక్కడ ఆకు కొసలు తెల్లబడ్డాయి. విత్తన పరీక్ష ల్యాబ్‌లో మొలక 86 శాతం, పాస్ అన్నారు. షాపులో శిలీంధ్రనాశిని పట్టించి చల్లేయమంటున్నారు. రిఫరెన్స్ ల్యాబ్ (తెగులు కారణాన్ని కచ్చితంగా నిర్ధారించే ల్యాబ్) దాకా వెళ్లాలా?

జవాబు 1
ఆ పాస్ మొలకకేనండి. ధ్రువీకరణ ప్రమాణాల్లో వరికి చూసేది మొలక కనీసం 80 శాతం, స్వచ్ఛత కనీసం 98 శాతం, తేమ 13 శాతానికి మించకపోవడం. గింజ మీద తెగుళ్లలో బంట్‌కి (గింజలో నల్లపొడి నిండే తెగులుకి) హద్దు ఉంది, సర్టిఫైడ్ విత్తనంలో 0.50 శాతం. నులిపురుగు (గింజలో ఉండే, కంటికి కనిపించని సన్నటి పురుగు, నెమటోడ్), కంకినల్లి (కంకిని ఆశించే సూక్ష్మమైన నల్లి) సంగతి ఆ కాగితం చెప్పదు.

మచ్చకి శిలీంధ్రమే కారణమైతే బ్లాటర్ పరీక్షలో తేలుతుంది: 400 గింజలు, ప్లేటుకి 25 చొప్పున, తడిపిన మూడు పొరల అద్దుడు కాగితం మీద, 20–22 డిగ్రీల్లో, 12 గంటలు వెలుతురు, 12 గంటలు చీకటి, వారం తర్వాత మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒకటీ దొరక్కపోతే, 95 శాతం నమ్మకంతో, సోకిన గింజలు 0.75 శాతం లోపే అని అర్థం. తెగులే లేదని కాదు.

ఆకు కొసలు తెల్లబడటం నులిపురుగు లక్షణం, మీరు అదే చెప్పారు కాబట్టి నాకు అసలు అనుమానం నులిపురుగు మీదే. దానికి శిలీంధ్రనాశిని ఏం చేయదు.

జవాబు 2
శాంపిల్ సరిగ్గా తీయకపోతే ఏ ల్యాబ్ అయినా తప్పే చెబుతుంది. 12 బస్తాలంటే ప్రతి బస్తాలో, అడుగు దాకా గొట్టం దింపి తీసి, అన్నీ కలిపి, అందులోంచి అరకిలో గుడ్డ సంచిలో కట్టండి. పైన చేతికొచ్చిన గుప్పెడు వద్దు. మందు పట్టించిన గింజ పంపకండి. బస్సు టాపు మీద ఎండలో పెడితే నులిపురుగు చచ్చిపోవచ్చు. చచ్చినది నీళ్లలోకి రాదు, రిపోర్టులో "లేదు" అని వస్తుంది. కాగితం మీద రకం, పొలంలో చూసిన లక్షణాలు, "నులిపురుగు, శిలీంధ్రం రెండూ చూడండి" అని రాయండి. అడగని పరీక్ష ఎవరూ చేయరు.

ప్రశ్న అడిగినవారు
కంకినల్లి కూడా చూపించాలనుకున్నామండి, కోత అయిపోయింది.

జవాబు 2
దానికి పోటాకు (కంకి కింద ఉండే చివరి ఆకు) తొడుగు కావాలండి, నల్లి ఉండేది లోపలే. ఎండిన వడ్లలో దొరకలేదంటే లేనట్టు కాదు. వచ్చే పంటకి పొట్టదశలో పచ్చి మొక్కలు పేపర్లో చుట్టి అదే రోజు అందించండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మపట్టి బూజు వస్తుంది.

జవాబు 3
రిఫరెన్స్ ల్యాబ్ అవసరం పడేది ఇక్కడే. పొట్టు తీసిన గింజలు 24–48 గంటలు నీళ్లలో ఉంచితే నులిపురుగులు బయటికొస్తాయి, ఆ పని స్థానికంగానూ అవుతుంది. కానీ గింజలో కనిపించిందల్లా అఫెలెంకాయిడెస్ బెస్సెయి (ఆకు కొసలు తెల్లబరిచే నులిపురుగు) కాదు. అదే ప్రజాతికి చెందిన మరో నులిపురుగు ఫూజియానెన్సిస్ కూడా వడ్లలో ఉంటుంది, వరికి హాని చేయదు. బెస్సెయి తోక చివర నక్షత్రంలా మూడు నాలుగు మొనలుంటాయి. వాటిని పోల్చి నిర్ధారించడానికి సరిచూసిన స్లైడ్లు, నమూనాలు భద్రపరిచేది రిఫరెన్స్ ల్యాబే. పీసీఆర్ (డీఎన్ఏని వెతికే పరీక్ష) చచ్చిన జీవి డీఎన్ఏని కూడా పట్టుకుంటుంది, అందుకని పాజిటివ్‌ని అక్కడ మళ్లీ చూస్తారు.

మార్టేరు పరిశోధన స్థానంలో ముందు అడగండి, తర్వాత రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ. ఆ పరీక్ష చేస్తారో లేదో ఫోన్‌లో కనుక్కోండి. వారణాసిలోని కేంద్ర విత్తన పరీక్ష ల్యాబ్ మీ సొంత వడ్లకి కాదు. షాపు విత్తనం మీద 1966 విత్తన చట్టం కింద కేసు నడిచినప్పుడు, ఇన్‌స్పెక్టర్ మూడు భాగాలు చేసిన శాంపిల్లో దాచిన భాగం కోర్టు ద్వారా అక్కడికి వెళ్తుంది.

జవాబు 1
బెస్సెయి అని తేలితే వడ్లు రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, 52–53 డిగ్రీల నీళ్లలో 15 నిమిషాలు ముంచండి. థర్మామీటరు తప్పనిసరి. తగ్గితే పురుగు బతుకుతుంది, పెరిగితే మొలక పోతుంది. సంచులు చిన్నవి కట్టండి, పెద్ద మూటలో వేడి మధ్యకి చేరదు. ముందు 100 గింజలతో మొలక చూసుకోండి. తీసిన వెంటనే చన్నీళ్లలో చల్లార్చి, మొలకెత్తడానికి మండె కట్టేయండి.