నల్లబడ్డ వెండి కడ్డీలు తోమాలా, అలాగే వదిలేయాలా?

ఉప్పల్_వాసి:
నాన్నగారు ఉన్నప్పుడు కొన్న వెండి బార్లు ఉన్నాయి మా ఇంట్లో, 100 గ్రాములవి కొన్ని, ఒక కిలో కడ్డీ, అన్నీ 999 మార్కువే (అంటే 99.9 శాతం వెండి). బీరువాలో పాత పేపర్లో చుట్టి పెట్టాం. మొన్న తీస్తే ఒకటి పసుపుపచ్చగా తిరిగింది, ఇంకోదానికి అంచులు నీలంగా, నల్లగా ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసిన బార్‌కైతే సరిగ్గా ఆ బ్యాండు వెడల్పున నల్లటి చార. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి ముందు పెట్టాలి, విభూతితో తోమేద్దాం అంటోంది అమ్మ. నల్లగా ఉంటే షాపువాళ్లు ధర కోస్తారని బావగారు. ఏం చేయమంటారు?

బెజవాడ_కడ్డీలు:
తోమొద్దండి. ఆ నలుపు తుప్పు కాదు. ఇనుముకి పట్టే తుప్పు లోపలికంటా తినేస్తుంది, ఇది పైన ఒక పొరలా పట్టి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. గాలిలో ఉండే గంధకపు వాయువులతో వెండి కలిస్తే వచ్చే సిల్వర్ సల్ఫైడ్ అది. పొర పలచగా ఉంటే పసుపు, కొంచెం మందమైతే గోధుమరంగు, నీలం, ఆ తర్వాత నలుపు. మీ బార్లలో ఈ వరసంతా ఉంది. రబ్బరు గట్టిపడటానికి గంధకం కలుపుతారు, ఆ చార దాని పనే. ముందు బ్యాండ్లూ పేపర్లూ తీసేయండి, తోమడం గురించి తర్వాత ఆలోచిద్దాం.

మెరుపు_కావాలి:
చెప్పడానికి బాగానే ఉంటుంది. నేను నల్లబడ్డ బార్ తీసుకెళ్తే మా ఊళ్లో ఒక షాపులో చేతిలోకి కూడా తీసుకోకుండానే "ఇది కరిగించాల్సిందే, తరుగు పోతుంది" అన్నారు. అదే తెల్లగా మెరుస్తూ ఉంటే ఆ మాట అనేవాళ్లా? కొనేవాడు కంటితోనే కొంటాడు. పైగా ఇవేమీ పాత నాణేలు కావు, దాచుకుని మురిసిపోవడానికి. వెండి ధర వెండిదే, శుభ్రంగా ఉంచుకుంటే నష్టమేంటి?

బెజవాడ_కడ్డీలు:
నలుపు చూసి తరుగు అంటే ఆ షాపు నుంచి లేచి వచ్చేయాలి. తూకం వేయమనండి, మెషీన్‌లో టచ్, అంటే స్వచ్ఛత, చూడమనండి, అవసరమైతే ఒక మూల గీసి చూడమనండి, అప్పుడు ధర చెప్పమనండి. నలుపు వల్ల బార్‌లోని వెండి తగ్గదు. నిజానికి గంధకం వచ్చి చేరుతుంది కాబట్టి తూకం వెంట్రుకవాసి పెరుగుతుంది.

తోమితే గ్రాములకి గ్రాములు పోతాయని భయపెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ నిజం కాదు. కిలో కడ్డీ సుమారు పదకొండున్నర సెంటీమీటర్ల పొడవు, అయిదు వెడల్పు, ఒకటిన్నరకి కాస్త ఎక్కువ మందం అనుకోండి. దాని ఒంటి మీద అన్నివైపులా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) అరిగినా పోయేది 0.2 గ్రాము లోపే. కాబట్టి నా భయం తూకం గురించి కాదు. 999 వెండి చాలా మెత్తన. విభూతైనా టూత్‌పేస్టైనా పైన సన్నటి గీతలు పడతాయి, అద్దంలా ఉన్న బార్ మసకబారుతుంది. ఏటా ఇదే పని చేస్తే కంపెనీ గుర్తు, 999 అంకె, సీరియల్ నంబరు అంచులు మొద్దుబారతాయి. నంబరు చదవడానికి రాకపోతే మీ బిల్లుకీ ఆ బార్‌కీ సంబంధం ఉందని ఎలా చూపిస్తారు? వెండికి అసలు ధర ఎలాగూ వస్తుంది, దాని పైన వచ్చే నాలుగు రూపాయలు మాత్రం ఆ గుర్తులు చూసే ఇస్తారు.

సైన్స్_టీచర్:
రుద్దకుండా తీసే దారి ఒకటి ఉంది. గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, బార్ దానికి తగిలేలా పెట్టి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పోయాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, కంగారు పడొద్దు, గంధకం వెండిని వదులుతున్న గుర్తు అది. అల్యూమినియం ఆ సల్ఫైడ్‌ని తిరిగి వెండిగా మారుస్తుంది కాబట్టి లోహం పోదు. బజారులో దొరికే డిప్ ద్రావణాలు వేరే రకం, చాలావాటిలో ఆమ్లం, థయోయూరియా అనే రసాయనం ఉంటాయి, పొరని కరిగించి తీసుకుపోతాయి. ఎక్కువసేపు ఉంచితే వెండి పైభాగం గరుకవుతుంది.

బెజవాడ_కడ్డీలు:
టీచర్ గారు చెప్పింది నిజం, పూజ గిన్నెలకీ కంచాలకీ నేనూ అదే చెబుతాను. కానీ బార్‌కి మెరుపు పూర్తిగా తిరిగి రాదు, కాస్త మసక మిగులుతుంది. మళ్లీ సరిగ్గా దాచకపోతే మళ్లీ నల్లబడుతుంది, మళ్లీ గిన్నె పెట్టాలి. అమెరికాలో ఎంగెల్‌హార్డ్, జాన్సన్ మాథే కంపెనీల పాత పోత బార్లకి ఇలా నల్లబడ్డ రంగు ఉన్నందుకే ఎక్కువ ఇచ్చే సేకర్తలు ఉన్నారు. మన బార్లకి ఆ గిరాకీ లేదనుకోండి, ఆ ఆశతో వదిలేయమని చెప్పట్లేదు. తోమి బాగుచేసేదేమీ లేదు, పాడుచేసేది మాత్రం ఉంది.

మెరుపు_కావాలి:
సరే, మరి నకిలీ సంగతి? వెండి పూత వేసిన ఇత్తడి ముక్క అయితే రుద్దితేనే కదా అంచుల్లో పసుపు బయటపడేది. నల్లగా వదిలేస్తే ఎప్పటికి తెలుస్తుంది?

బెజవాడ_కడ్డీలు:
దానికి రుద్దుడు ఎందుకండీ, నీళ్లు చాలు. వంటింటి డిజిటల్ తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. 100 గ్రాముల బార్‌ని సన్నటి దారంతో కట్టి, అడుగుకీ పక్కలకీ తగలకుండా పూర్తిగా ముంచండి. తూకం 9.5 గ్రాముల దగ్గర చూపించాలి, అది బార్ పక్కకి తోసిన నీళ్ల బరువు, ఎందుకంటే వెండి సాంద్రత 10.49, అంటే నీళ్ల కంటే అన్ని రెట్లు బరువు. ఇత్తడైతే 11 దాటి 12 దగ్గర చూపిస్తుంది. తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. సీల్ చేసిన కార్డులో ఉన్న బార్లని మాత్రం దీనికోసమో, లోపల మచ్చ కనిపించిందనో చింపొద్దు. సీల్ పోతే ఆ కార్డు విలువ పోయినట్టే.

ఉప్పల్_వాసి గారూ, చేతులకి గుడ్డ గ్లౌజులు వేసుకుని ఒక్కో బార్‌ని విడిగా జిప్ కవర్లో పెట్టండి, గాలి నొక్కేసి మూయండి, ఒక సిలికా జెల్ ప్యాకెట్ వేయండి. పీవీసీ కవర్లు వద్దు. అమ్మగారి సంగతికొస్తే, అమ్మవారి ముందు కవరుతోనే పెట్టి బొట్టు కవరు మీద పెట్టమనండి, మా ఇంట్లో అలాగే చేస్తాం.

ఉప్పల్_వాసి:
బ్యాండ్లు, పేపర్లు తీసేశానండి. బార్లు కవర్లలోకి వెళ్తాయి, అమ్మ కూడా సరేనంది. పూజలో పెట్టే వెండి చెంబు మాత్రం ఫాయిల్ గిన్నెలో వేస్తాం.