శ్రమకాలం: వాక్యంలో ఆజ్ఞ లేని ఉపవాసం మనకెందుకు?

అంబత్తూరు సభ్యుడి ప్రశ్న:

సహోదరులకు వందనాలు. భస్మ బుధవారం నుండి మా సంఘంలో, ఈస్టరుకు ముందు నలభై రోజులు పాటించే శ్రమకాల కూడికలు మొదలయ్యాయి. ఈ నలభై రోజులు పెళ్ళిళ్ళు పెట్టుకోవద్దని, మాంసం ముట్టవద్దని పెద్దలు చెబుతున్నారు. క్రొత్త నిబంధనలో అలాంటి ఆజ్ఞ ఎక్కడా లేదు సరికదా, అన్నపానాల విషయంలో గాని పండుగల విషయంలో గాని ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని పౌలు కొలొస్సయులకు రాశాడు. ఆజ్ఞ లేని ఆచారాన్ని పాటించడంలో విశ్వాసికి దొరికే అర్థమేమిటో పెద్దలు చెప్పాలి.

పెరంబూరు సభ్యుడి సమాధానం:

ఆజ్ఞ లేదన్న మాటను నేను కాదనను. 1522లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో ఫ్రోషౌవర్ అనే ముద్రాపకుడి ఇంట కొందరు శ్రమకాలంలోనే మాంసం తిన్నారు. అక్కడే ఉండి తాను మాత్రం ముట్టని సంఘ సంస్కర్త జ్వింగ్లీ, ఆ తర్వాత ప్రసంగపీఠం నుండి తిన్నవారి స్వేచ్ఛను సమర్థించాడు. మాంసం మానడమే శ్రమకాలమని ఎవరైనా అంటే నేనూ జ్వింగ్లీ పక్షమే. శుక్రవారం కోడిమాంసం మాని, అంతకంటే ఎక్కువ ధర పెట్టి వంజరం చేప కొని పులుసు పెట్టుకున్న ఇల్లు మాది.

అయితే ఈ నలభై దినాల ప్రస్తావన ఉన్న తొలినాటి పత్రాల్లో ఒకటైన క్రీ.శ. 325లో బిషప్పులు కూడిన నైసియా మహాసభ ఐదవ నియమం తిండి ఊసే ఎత్తదు. ఏ బిషప్పైనా తగవు వల్లనో సంకుచిత బుద్ధి వల్లనో ఎవరినైనా సంఘం నుండి వెలివేశాడా అని విచారించడానికి ఏటా రెండుసార్లు బిషప్పులు కూడుకోవాలని, అందులో ఒక కూడిక నలభై దినాలకు ముందే జరిగి, మనసుల్లోని అల్పత్వమంతా తొలగి దేవునికి నిర్మలమైన అర్పణ చెల్లాలని అది చెబుతుంది.

అది నన్ను ఉద్దేశించి రాసినట్టే తోచింది. ఒంగోలులో మా నాన్నగారు కట్టిన ఇంటి వాటాల దగ్గర మాటా మాటా పెరిగి, మూడేళ్ళుగా మా అన్నయ్యతో నాకు మాటల్లేవు. ఆ మూడేళ్ళూ శ్రమకాలంలో మాంసం మానేశాను, ప్రభువు బల్లలో చెయ్యి వేశాను, అన్నయ్య సంగతి మాత్రం తర్వాత చూద్దామనుకుంటూ వచ్చాను. నాకు ఈ రోజుల అర్థం గడువు. ఈస్టరు ఉదయం లోపల నేను చేయవలసిన పని ఒకటి ఉందని అవి గుర్తుచేస్తాయి.

అంబత్తూరు సభ్యుడు:

సమాధానపడటం మంచిదే, కాని దానికి ఏ నెలైనా సరిపోతుంది కదా. కడుపు మాడ్చుకోవడం ఎందుకు?

పెరంబూరు సభ్యుడు:

ఏ నెలైనా సరిపోతుంది కాబట్టే మూడేళ్ళు గడిచిపోయాయి. ఈస్టరు పౌర్ణమిని బట్టి జరుగుతుంది గాని నా వీలును బట్టి జరగదు. పైగా సంఘమంతా కలిసి లెక్కపెట్టే రోజులను నేనొక్కణ్ణే వాయిదా వేసుకోలేను.

ఇక కడుపు సంగతి. ఉపవాసముంటూనే కలహపడుతూ పిడికిలితో కొట్టుకుంటున్నారని యెషయా 58వ అధ్యాయంలో ప్రవక్త ప్రజలను గద్దించాడు. నా పిడికిలి నాకు ఆకలిలోనే కనబడింది. మొన్న శుక్రవారం క్యారేజీ తీసుకువెళ్ళలేదు. అందరూ భోజనానికి వెళ్ళాక ఖాళీ గదిలో కూర్చుంటే ప్రార్థన రాలేదు, అన్నయ్య ఆనాడు అన్న మాటలే వరుసగా వచ్చాయి. కడుపు నిండి ఉంటే నిద్రతో వాటిని దాటవేసేవాణ్ణి. అరగంట అలాగే ఉండి, ఫోనులో ఆయన నంబరు వెతికి నొక్కాను.

ఆయన ఎత్తి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, "అన్నం తిన్నావురా?" అని అడిగాడు. ఉపవాసం మనుష్యులకు కనబడనీయవద్దని ప్రభువు చెప్పిన మాట గుర్తొచ్చి, "ఇంకా లేదన్నయ్యా" అని మాత్రం అన్నాను. ఇంటి పత్రాల విషయం మేమిద్దరమూ ఎత్తలేదు, అది ఇంకా తేలవలసే ఉంది. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు పినాకిని రైల్లో ఒంగోలు వెళ్తున్నాను.