షెల్ స్క్రిప్టు పంపే మెయిల్‌లో రంగులు రావడం లేదు

ప్రశ్న (హనుమకొండ):
మా కళాశాల సర్వర్లలో డిస్కు ఎంత నిండిందో డీఎఫ్ కమాండుతో చూసి, 90 శాతం దాటిన వరుసలను ఎర్రగా చూపే బాష్ స్క్రిప్టు (కమాండుల వరుస) రాశాను. టెర్మినల్‌లో (కమాండులు టైపు చేసే తెరలో) రంగులు చక్కగానే ఉన్నాయి కానీ, నిర్ణీత సమయాల్లో స్క్రిప్టును నడిపే క్రాన్ ద్వారా వచ్చే మెయిల్‌లో మాత్రం చదరపు బ్రాకెట్టు, 31, ఎమ్ అనే గుర్తులే కనిపిస్తున్నాయి. పరిష్కారం తెలుపగలరు.

జవాబు (కాజీపేట):
అవి ఆన్సి ఎస్కేప్ కోడ్‌లు, అంటే రంగు మార్చమని టెర్మినల్‌కు చెప్పే గుర్తులు. వాటిని రంగులుగా చూపేది టెర్మినలే తప్ప మెయిల్ చదివే యాప్ కాదు. ఫలితాన్ని హెచ్‌టీఎంఎల్‌గా (వెబ్ పేజీల రూపంలోకి) మార్చి, మెయిల్ పైభాగమైన హెడర్‌లో కంటెంట్-టైప్‌ను టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ అని పేర్కొని, దాని కింద ఒక ఖాళీ వరుస వదిలి, మెయిల్ పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రాముకు అందించండి. రంగును, ఆయా మాటలను చుట్టే హెచ్‌టీఎంఎల్ స్పాన్ ట్యాగులోనే రాయడం మేలు, ఎందుకంటే పైన విడిగా రాసిన స్టైల్ భాగాన్ని కొన్ని మెయిల్ యాప్‌లు తీసిపారేస్తాయి. మొత్తాన్ని, ఖాళీలను ఉన్నవి ఉన్నట్లే చూపే ప్రీ ట్యాగులో ఉంచకపోతే నిలువు వరుసలు కలగాపులగమవుతాయి.

జవాబు (కరీంనగర్):
ఉన్న స్క్రిప్టును తిరగరాయడం ఎందుకండీ? దాని ఫలితాన్ని పైపు ద్వారా (ఒక కమాండు ఫలితాన్ని నేరుగా మరొకదానికి అందించే మార్గం) ‘ఆహా’ అనే చిన్న ప్రోగ్రాముకు ఇస్తే, ఆన్సి రంగులను తానే హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది. హెడర్ సంగతి మాత్రం పైవారు చెప్పినట్లే. వరుసలను వెతికే గ్రెప్ కమాండు వాడుతున్నట్లయితే కలర్ ఆప్షన్‌కు ‘ఆల్వేస్’ ఇవ్వండి. ‘ఆటో’ అని ఉంటే, ఫలితం టెర్మినల్‌కు కాక పైపులోకి వెళ్తున్నదని గ్రహించి అది రంగులు వేయడం మానేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఆహాతో పని జరిగింది, ఇద్దరికీ ధన్యవాదాలు. మెయిల్ తెరవకముందే తెలిసేలా, నిండిన డిస్కు పేరును సబ్జెక్టులో కూడా చేర్చుతున్నాను.