అప్‌డేట్: నికాన్ డి5600 కెమెరాకి 35 ఎంఎం లెన్సే తీసుకున్నాను

ఇంట్లో పాప ఫొటోలకీ, బయట తిరిగేటప్పటికీ తక్కువ ధరలో 35 కొనాలా, 50 కొనాలా అని అడిగాను కదా. సాయం చేసిన అందరికీ థాంక్స్.

నాకు పనికొచ్చిన సలహా: కెమెరాతో పాటు వచ్చిన జూమ్ లెన్స్‌ని (కిట్ లెన్స్) ఒక వారం 35 దగ్గర, మరో వారం 50 దగ్గర ఉంచి తీసి చూడమన్నది. 50 దగ్గర పెడితే, వంటింట్లో వీపు గోడకి ఆనించి నిలబడ్డా పాప, అమ్మమ్మ ఇద్దరూ ఫ్రేములో పట్టలేదు. ఈ కెమెరాలో ఉండే చిన్న సెన్సర్ (డీఎక్స్) మీద 50 అంటే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 75లా, ఇంకా దగ్గరగా కనిపిస్తుంది మరి. 35 అయితే దాదాపు 52.

సెకండ్ హ్యాండ్‌లో 35 ఎంఎం ఎఫ్/1.8జి డీఎక్స్ దొరికింది. ఎఫ్/1.8 కాబట్టి వెలుతురు బాగా లోపలికి వస్తుంది; రాత్రి ట్యూబ్‌లైట్ వెలుతురులో ఫ్లాష్ లేకుండానే పాప కనురెప్పలు కూడా స్పష్టంగా వస్తున్నాయి. వీఆర్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) లేదని పడ్డ టెన్షన్ అనవసరం. పరిగెత్తే పిల్లకి కావాల్సింది షట్టర్ స్పీడ్.

చవకగా వస్తోందని 50 ఎంఎం ఎఫ్/1.8డి మాత్రం కొనకండి. ఆ లెన్స్‌లో ఫోకస్ మోటార్ ఉండదు, ఈ కెమెరా బాడీలోనూ లేదు, అందుకే ఆటోఫోకస్ రాదు.